పాత లారీలో బుష్‌లు మార్చే ముందు: కదలిక ఎక్కడ జరుగుతోంది?

పాత లారీలో స్టీరింగ్ ప్లే (చక్రం కదలకముందు స్టీరింగ్ ఖాళీగా తిరిగే మేర) పెరిగిందంటే చాలా షెడ్లలో ముందు పానా పడేది స్టీరింగ్ బాక్స్ మీద. పైన ఉండే అడ్జస్టింగ్ స్క్రూను ఓ పావు చుట్టు బిగిస్తారు. స్టీరింగ్ చేతికి కాస్త గట్టిగా తగులుతుంది, డ్రైవర్‌కి బాగైపోయినట్టే అనిపిస్తుంది. నాలుగు రోజులు పోయాక కొత్త బాధ మొదలవుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు. తిన్నటి రోడ్డు మీద కూడా బండిని క్షణం క్షణం సర్దుతూ ఉండాలి. బాక్స్‌లోని సెక్టార్ షాఫ్ట్ మధ్య స్థానంలో పట్టేసింది, అసలు ప్లే మాత్రం ఉన్నచోటే ఉంది. చాలాసార్లు అది ఇంకా కిందికి, ఎవరూ టార్చి వేసి చూడని బుష్‌లలో, అంటే కీళ్ళ లోపల కూర్చునే గొట్టం లాంటి ముక్కల్లో ఉంటుంది.

బుష్‌ల పని ఒళ్ళు నొప్పించే పనే గానీ అర్థం కాని పని కాదు. గందరగోళం ఎందుకంటే, ఒకే బండిలో పనిచేసే తీరే వేరైన మూడు రకాల బుష్‌లు ఉంటాయి, మనం అన్నిటికీ ఒకే వైద్యం చేస్తాం. ఒకదానికి గ్రీజు ప్రాణం, ఇంకోదానికి అదే విషం. ఒకదాన్ని చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించినా ఫర్వాలేదు, ఇంకోదాన్ని అలా బిగిస్తే కొత్తదైనా త్వరగా చిరిగిపోతుంది. కాబట్టి పానా పట్టే ముందు ప్రతి బుష్ గురించీ ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇందులో కదలిక సరిగ్గా ఎక్కడ జరుగుతోంది? దీనికి జవాబు తెలిస్తే ఎలా పరీక్షించాలి, ఎలా ఊడదీయాలి, ఎలా బిగించాలి అన్నవన్నీ దాని వెంటే వస్తాయి.

జారేవి, మెలితిరిగేవి

మొదటిది లోహపు బుష్. కాంస్యంతో చేసిందో, ఉక్కు తొడుగు లోపల కాంస్యం పూత ఉన్నదో అయివుంటుంది. కింగ్‌పిన్ (ముందు చక్రం ఎడమా కుడీ తిరగడానికి ఆధారమైన నిలువు పిన్ను) దగ్గర, బరువు బళ్ళ కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) చెవుల్లో, కట్ట చివర ఊగే షాకిల్ పిన్నుల దగ్గర కనిపిస్తుంది. ఇక్కడ పిన్ను మీద బుష్ జారుతుంది, మధ్యలో పలుచటి గ్రీజు పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతకాలం లోహం లోహాన్ని తాకదు. పిన్ను గట్టి ఉక్కు, బుష్ మెత్తటి లోహం. అరిగితే చవకైన బుష్ ముందు అరగాలన్నదే ఏర్పాటు. గ్రీజు ఆగిపోతే మాత్రం రెండూ అరుగుతాయి, అప్పుడు బుష్ ఒక్కటీ మార్చి లాభం ఉండదు.

రెండోది రబ్బరు బుష్. బయట ఒక ఉక్కు గొట్టం, లోపల ఇంకో ఉక్కు గొట్టం, మధ్యలో రెండింటికీ అంటుకుపోయిన రబ్బరు. చూడ్డానికి ఇదీ పిన్ను చుట్టూ తిరిగే బుష్‌లాగే ఉంటుంది, కానీ ఇందులో ఏదీ ఎక్కడా జారదు. బయటి గొట్టం తన గూట్లో బిగుసుకుని ఉంటుంది, లోపలి గొట్టాన్ని బోల్టు బ్రాకెట్ చెంపల మధ్య నొక్కి పట్టుకుంటుంది. చక్రాన్ని పట్టుకున్న ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు మెలితిరిగేది మధ్యలోని రబ్బరే. దీన్ని మనసులో పెట్టుకుంటే చాలు, రబ్బరు బుష్‌ల విషయంలో జరిగే పొరపాట్లు సగం తగ్గుతాయి.

మూడోది పాలీయురెథేన్, షెడ్డు భాషలో పాలీ బుష్. రబ్బరు బుష్ ఉండాల్సిన చోట వేసే ప్రత్యామ్నాయం. రంగులు చూసి రబ్బరుకి అన్నగారు అనుకుంటారు గానీ, పనిచేసే తీరులో ఇది లోహపు బుష్‌కి దగ్గర. పాలీ ముక్కకూ లోపలి గొట్టానికీ మధ్య అతుకు ఉండదు, ఒకదాని మీద ఒకటి జారతాయి. అందుకే దానితోపాటు సిలికాన్ గ్రీజు పొట్లం ఇస్తారు. ఆ గ్రీజు ఎండిపోగానే కీచుమనడం మొదలుపెడుతుంది.

గ్రీజు విషయంలో ఇంకొక్క మాట. మామూలు ఖనిజ నూనెతో చేసిన గ్రీజు సహజ రబ్బరును ఉబ్బించి మెత్తగా చేస్తుంది. శబ్దం వస్తోందని రబ్బరు బుష్ మీద గ్రీజు పూస్తే రెండు రోజులు శబ్దం పోవచ్చు, తర్వాత బుష్ పోతుంది. ఇంజన్ ఆయిల్ కారి సస్పెన్షన్ మీద పడుతున్న బండిలో ఆ లీకు ఆపకుండా కొత్త రబ్బరు బుష్‌లు వెయ్యడం కూడా ఇలాంటిదే.

చిన్న అరుగుదల, పెద్ద ఊపు

బుష్‌లో అర మిల్లీమీటరు అరిగితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. కింగ్‌పిన్ దగ్గర లెక్క వేసి చూద్దాం. స్టబ్ యాక్సిల్‌లో (కింగ్‌పిన్ మీద తిరుగుతూ చక్రాన్ని మోసే ముక్క) పైన ఒక బుష్, కింద ఒక బుష్ ఉంటాయి. వాటి మధ్య దూరం 200 మి.మీ. అనుకుందాం, ఒక్కో బుష్‌లో పిన్ను చుట్టూ సందు 0.5 మి.మీ. ఉందనుకుందాం. చక్రాన్ని లోపలికీ బయటికీ ఊపినప్పుడు పై బుష్ ఒక వైపు, కింది బుష్ దానికి ఎదురు వైపు జరుగుతాయి కాబట్టి రెండు సందులూ కలిసి 1 మి.మీ. అవుతుంది. 200 మి.మీ. దూరంలో 1 మి.మీ. వాలు అంటే, మధ్య నుంచి 500 మి.మీ. దూరాన ఉన్న టైరు అంచు దగ్గర 2.5 మి.మీ. ఊపు. వెళ్తున్న బండిలో ప్రతి గతుకుకీ టైరు ఆ మేరకు తన కోణం మార్చుకుంటూ ఉంటుంది. స్టీరింగ్ బాక్స్‌లో ఎంత బిగించినా ఈ ఊపు ఆగదు. బందు అరిగిన తలుపుకి గడియ మార్చినట్టు ఉంటుంది.

కమాన్ కట్ట ముందు చెవి బుష్‌కి ఇంకో బాధ్యత ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మామూలు కమాన్ కట్టలో ఒక చివర ఛాసిస్‌కి స్థిరంగా ఉంటుంది, రెండో చివర షాకిల్‌కి వేలాడుతుంది. బరువు పడ్డప్పుడు వంపు తగ్గి కట్ట పొడవు పెరుగుతుంది, ఆ పెరిగిన పొడవుకు దారి ఇవ్వడానికే షాకిల్ ఊగుతుంది. కాబట్టి యాక్సిల్ ముందుకూ వెనక్కూ ఎక్కడ ఉండాలో చెప్పేది స్థిరమైన చెవి, అందులోని బుష్. బ్రేకు తోపూ, వెనక యాక్సిల్ అయితే ఇంజన్ తోపూ ఆ బుష్ మీదుగానే ఛాసిస్‌కి చేరతాయి. ఒక వైపు చెవిలో యాక్సిల్ 5 మి.మీ. వెనక్కి జరిగిందనుకోండి. రెండు కట్టల మధ్య దూరం 1000 మి.మీ. అయితే యాక్సిల్ 0.3 డిగ్రీల మేరకు వంకర పోయినట్టు. 5 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ళ మధ్య దూరం) ఉన్న బండిలో వెనక చక్రాలు ముందు చక్రాల జాడ నుంచి 25 మి.మీ. పక్కకి తప్పి నడుస్తాయి. బండి ఒక వైపు లాగుతోందని డ్రైవర్ అంటాడు. ముందు చక్రాల అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా ఆ లాగుడు పోదు, ఎందుకంటే తప్పు వెనక ఉంది.

షాకిల్ బుష్ అరిగితే ఇంత ప్రమాదం ఉండదు, చప్పుడూ పక్కకి ఊగడమూ ఎక్కువ. మలుపుల్లో బండి వాలడాన్ని తగ్గించే స్టెబిలైజర్ బార్‌ను ఛాసిస్‌కి పట్టి ఉంచే డి ఆకారపు రబ్బరు ముక్కలు పోతే చిన్న గుంతకీ లొటలొట వినిపిస్తుంది, మలుపుల్లో బండి కొంచెం ఎక్కువ వాలుతుంది. మార్చడానికి తేలికైనవి కూడా అవే. రెండు వెనక యాక్సిళ్ళ బళ్ళలో టార్క్ రాడ్ బుష్‌ల పరిస్థితి వేరు. అవి యాక్సిల్‌ను నిలబెట్టేవి, కమాన్ కట్ట ముందు చెవి బుష్‌తో సమానంగా చూడాలి.

చిన్న ట్రక్కుల్లో, పికప్‌లలో ముందు వైపు కమాన్ కట్టల బదులు పై ఆర్మ్, కింది ఆర్మ్ ఉంటాయి. అక్కడ ఆర్మ్ బుష్‌లు పోతే బ్రేకు కొట్టగానే చక్రం వెనక్కి జరిగి టక్కుమంటుంది, కేంబర్ (చక్రం నిలువు నుంచి వాలిన కోణం) మారి టైరు ఒక అంచు తినేస్తుంది. అలాంటి బళ్ళలో స్టీరింగ్ లింకేజీకి ఒక వైపు బాక్స్ నుంచి వచ్చే పిట్‌మన్ ఆర్మ్, రెండో వైపు దానికి జోడుగా ఊగే ఐడ్లర్ ఆర్మ్ ఉంటాయి. ఐడ్లర్ ఆర్మ్ బుష్ అరిగితే మధ్య రాడ్ పైకీ కిందికీ ఊగుతుంది, టో కోణం (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) గతుకు గతుకుకీ మారుతుంది. స్టీరింగ్ షాఫ్ట్ మధ్యలో ఉండే రబ్బరు కప్లింగ్‌ను కూడా మరిచిపోకూడదు. దాన్ని చూడ్డానికి బండి కిందికి దూరాల్సిన పని కూడా ఉండదు.

పట్టుకునే పద్ధతి

మొదటి పరీక్షకు జాకీ వద్దు. బండి నాలుగు చక్రాల మీదా నేలపై ఉండగా, ఒకరు క్యాబిన్‌లో కూర్చుని స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండాలి. టైరు తిరిగేంత కాదు, ప్లే అయిపోయి బిగువు తగిలేంత. రెండో మనిషి కింద నుంచి టార్చి వేసి ఒక్కో కీలునూ వరసగా చూడాలి: షాఫ్ట్ కప్లింగ్, బాక్స్‌ను ఛాసిస్‌కి పట్టిన బోల్టులు, పిట్‌మన్ ఆర్మ్, దాని నుంచి చక్రం వైపు పోయే డ్రాగ్ లింక్ రెండు చివరలు, స్టీరింగ్ ఆర్మ్, టై రాడ్ చివరలు. ఎక్కడ ఒక భాగం కదిలి దాని పక్క భాగం ఆలస్యంగా కదులుతుందో అక్కడ ప్లే ఉంది. చూపుకి అందనిచోట వేలు కీలు మీద పెట్టి ఉంచితే తెలుస్తుంది. బరువు మీద ఉన్నప్పుడే అసలు ప్లే బయటపడుతుంది కాబట్టి ఈ పరీక్షను మించింది లేదు.

తర్వాత ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊపు ఉంటే అది కింగ్‌పిన్‌దో, వీల్ బేరింగ్‌దో తేలాలి. దీనికో తేలికైన ఉపాయం ఉంది. ఎవరినైనా బ్రేకు నొక్కి పట్టుకోమనండి. బ్రేకు లైనర్లు డ్రమ్మును పట్టుకోగానే హబ్, స్టబ్ యాక్సిల్ ఒకే ముక్కలా అయిపోతాయి, వీల్ బేరింగ్‌లోని ప్లే కనపడకుండా పోతుంది. బ్రేకు నొక్కినా ఊపు మిగిలితే అది కింగ్‌పిన్ బుష్‌లదే. ఆర్మ్‌లు ఉన్న బండిలో అయితే బాల్ జాయింట్లదో ఆర్మ్ బుష్‌లదో. చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపితే వచ్చే ప్లే మామూలుగా టై రాడ్‌దో, స్టీరింగ్ లింకేజీదో అవుతుంది.

కమాన్ కట్టల చెవులకు పలుగుతో పని. ఛాసిస్ కింద స్టాండ్ పెట్టి, యాక్సిల్ బరువు కట్ట మీద నుంచి కాస్త తీసేసి, చెవికీ బ్రాకెట్‌కీ మధ్య పలుగు పెట్టి మెల్లగా ఎత్తాలి. లోహపు బుష్‌లో కదలిక చేతికి టక్కున తగులుతుంది. రబ్బరు బుష్ ఎప్పుడూ కొంత లొంగుతుంది, అది తప్పు కాదు. చూడాల్సింది వేరే: లోపలి గొట్టం నడిమధ్యలో ఉందా, ఒక పక్కకి దిగిపోయిందా? రబ్బరు గొట్టం నుంచి విడిపోయి సందు కనిపిస్తోందా? చుట్టూ ఎర్రటి సన్నటి పొడి రాలిందా? ఆ పొడి లోహం లోహాన్ని తింటోందనడానికి గుర్తు. బురద అంటిన బండిలో కూడా అది తాజాగా, పొడిగా కనపడుతుంది.

రబ్బరు మీద సన్నటి పగుళ్ళు చూసి కంగారు పడనక్కర్లేదు. గాలిలోని ఓజోన్ సాగి ఉన్న రబ్బరు పై పొరను చీలుస్తుంది, పాత బుష్‌లలో ఇది మామూలే. పగులు లోతుగా పోయి, పలుగు వేసినప్పుడు నోరు తెరుచుకుంటే అప్పుడు మార్చాలి. పగుళ్ళు చూపించి బండి మొత్తం బుష్‌లు మార్చెయ్యమనే సలహాను నేనైతే ఒప్పుకోను. అదే సమయంలో కుడి బుష్ పోయి ఎడమది బాగున్నట్టు కనిపిస్తే రెండూ మార్చడమే మంచిది. లేకపోతే రెండు వైపులా బిగువు తేడా వచ్చి బండి అటో ఇటో లాగుతుంది.

ఊడదీయడం

కొత్త బుష్ వెయ్యడం కంటే పాతది తీయడమే ఎక్కువ సమయం తింటుంది. ఆ పని మొదలుపెట్టే ముందు భద్రత గురించి రెండు ముక్కలు. జాకీ లేపడానికే, నిలబెట్టడానికి స్టాండ్ ఉంది. కమాన్ కట్ట, కాయిల్ స్ప్రింగ్, టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) మూడింటిలోనూ మనిషిని చంపగల శక్తి దాగి ఉంటుంది. కాయిల్‌ను స్ప్రింగ్ కంప్రెసర్‌తో నొక్కి పట్టకుండా ఆర్మ్ బోల్టు తీయకూడదు. టార్షన్ బార్ అయితే అడ్జస్టర్ ఎక్కడుందో గుర్తు పెట్టి, బిగువు పూర్తిగా వదిలాకే ఆర్మ్ జోలికి పోవాలి.

రబ్బరు బుష్ బోల్టు విప్పేటప్పుడు ఒక వింత ఎదురవుతుంది. నట్టు వచ్చేస్తుంది. బోల్టు తలకి పానా వేసి తిప్పితే బోల్టు తిరుగుతుంది కూడా. పానా వదలగానే స్ప్రింగులాగా వెనక్కి వచ్చేస్తుంది. బోల్టు తుప్పు పట్టి లోపలి గొట్టంతో ఒకటైపోయింది, తిరుగుతున్నది రబ్బరు. ఇక సమ్మెటతో ఎంత కొట్టినా ఆ దెబ్బను రబ్బరు మింగేస్తుంది. తుప్పు వదిలించే నూనె రాత్రంతా నాననిచ్చి చూడొచ్చు. దారికి రాకపోతే బ్రాకెట్ చెంపకూ బుష్ ముఖానికీ మధ్య రంపం బ్లేడు దూర్చి, బోల్టును రెండు వైపులా కోసెయ్యడమే. బోల్టు ఎలాగూ కొత్తదే వెయ్యాలి కాబట్టి నష్టం లేదు.

బుష్‌ను గూట్లోంచి నెట్టడానికి హైడ్రాలిక్ ప్రెస్ ఉంటే సుఖం. లేకపోతే పొడవాటి గట్టి బోల్టు, నట్టు, వాషర్లు, రెండు గొట్టం ముక్కలు చాలు. ఒక ముక్క బుష్ బయటి గొట్టం కంటే రవ్వంత సన్నగా ఉండి దాన్ని నెడుతుంది, రెండోది వెడల్పుగా ఉండి బయటికి వచ్చే బుష్‌ను తనలోకి తీసుకుంటుంది. నట్టు బిగించిన కొద్దీ బుష్ జారి వస్తుంది.

రబ్బరును గ్యాస్ మంటతో కాల్చేసి ఖాళీ గొట్టాన్ని కొట్టి తీయడం చాలాచోట్ల అలవాటు. త్వరగానే అవుతుంది, కానీ కమాన్ కట్ట చెవి మీద ఈ పని చెయ్యకూడదు. కట్ట ఉక్కుకి ఆ గుణం వచ్చింది వేడి చేసి చల్లార్చే పద్ధతితో. మంట దాన్ని చెడగొడుతుంది, తర్వాత నిండు లోడులో తల్లి పట్టీ (చెవులున్న ప్రధాన పట్టీ) చెవి దగ్గరే విరగొచ్చు. అల్యూమినియం ఆర్మ్‌లకీ ఇదే వర్తిస్తుంది. పొగ విషం సంగతి చెప్పనే అక్కర్లేదు. మంట బదులు రబ్బరును డ్రిల్లుతో తొలిచేసి, మిగిలిన బయటి గొట్టాన్ని లోపలి నుంచి హాక్‌సా బ్లేడుతో కోస్తే సరిపోతుంది. కోత గొట్టం మందం మేరకే ఆగాలి, గూటికి గాటు పడకూడదు. గొట్టం విడిపోయినట్టు అనిపించగానే సన్నటి ఉలితో దాన్ని లోపలికి మడిస్తే చేతికి వచ్చేస్తుంది.

కింగ్‌పిన్ ఊడదీయడం ఇంకో మెట్టు పైన. పిన్ను యాక్సిల్ కంట్లో (చివరన ఉన్న రంధ్రంలో) స్థిరంగా ఉంటుంది, ఏటవాలు ముఖం ఉన్న ఒక కాటర్ (చీల) దాన్ని తిరగకుండా పట్టి ఉంచుతుంది. కాటర్ తీయకుండా పిన్నును కొడితే ఆ కన్ను పాడవుతుంది. ఆ కన్నే పెద్దదైపోతే కొత్త పిన్ను, కొత్త బుష్‌లు వేసినా ఊపు పోదు. అందుకే పాత పిన్ను తీయగానే కొత్త పిన్నును ఖాళీ కంట్లో పెట్టి చూడాలి. వదులుగా ఊగితే బుష్‌ల సంగతి తర్వాత, ముందు యాక్సిల్ సంగతి చూడాలి.

కొత్తది వేసేటప్పుడు

గూటిని ఎమరీ కాగితంతో తుప్పు పోయేలా రుద్ది, అంచున ఉన్న ముళ్ళు ఆకురాయితో తీసేయాలి. తర్వాత గూటి వ్యాసం రెండు మూడు దిక్కుల్లో కొలవాలి. ఒక దిక్కున ఎక్కువ వస్తే గూడు కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందని అర్థం, అందులో కొత్త బుష్ నిలవదు.

నెట్టేటప్పుడు ఒత్తిడి బుష్ బయటి గొట్టం మీదే పడాలి. లోపలి గొట్టాన్ని నెడితే రబ్బరు అతుకు అక్కడికక్కడే చిరుగుతుంది, బయటికి మాత్రం కనపడదు. రెండు చెవుల ఆర్మ్‌లో నొక్కుతుంటే చెవుల మధ్య సరిగ్గా సరిపోయే ముక్క పెట్టాలి, లేకపోతే చెవులు దగ్గరికి వంగిపోతాయి. బయటి గొట్టం లేని, నేరుగా రబ్బరే గూట్లోకి పోయే బుష్‌కి సబ్బు నీళ్ళు చాలు. అవి ఆరిపోతాయి, రబ్బరుకి హాని లేదు. కొన్ని ఆర్మ్ బుష్‌లలో రబ్బరుకి కావాలనే ఖాళీలు వదులుతారు. ఒక దిక్కున మెత్తగా, ఇంకో దిక్కున గట్టిగా ఉండటానికి. పాత బుష్ తీయకముందే ఆ ఖాళీలు ఏ దిక్కున ఉన్నాయో గీత గీసి పెట్టుకోవాలి. కొత్తదాన్ని తిప్పి వేస్తే ఎక్కడానికైతే ఎక్కుతుంది గానీ బండి నడత మారిపోతుంది.

ఇక కింగ్‌పిన్ బుష్‌లు. లోహపు బుష్‌ను గూట్లోకి నొక్కితే దాని లోపలి వ్యాసం కొంచెం తగ్గుతుంది, పిన్ను వెంటనే ఎక్కదు. ఎక్కకూడదు కూడా. రీమర్‌తో లోపలి నుంచి కొద్దికొద్దిగా తొలిచి సరైన కొలతకు తేవాలి. పై బుష్, కింది బుష్ రెండూ ఒకే గీత మీద ఉండాలి కాబట్టి రెండింటిలోనూ ఒకేసారి దూరే పొడవాటి రీమర్ కావాలి. ఒక్కోదాన్ని విడివిడిగా తొలిస్తే పిన్ను ఒక దాంట్లో తేలిగ్గా, రెండింట్లో కలిపి బిగుతుగా ఉంటుంది. నూనె రాసిన పిన్ను చేత్తో నెడితే మెత్తగా దిగాలి, కానీ పక్కకి ఊపితే ఏమీ తగలకూడదు. ఆ సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే ఉంటుంది. ఎంతన్నది ఆ బండి మాన్యువల్ చెప్పాలి. రీమర్‌ను ఎప్పుడూ ముందుకే తిప్పాలి. వెనక్కి తిప్పితే అంచు మొద్దుబారి బుష్‌లో గీతలు పడతాయి. తొలిచిన పొడి అంతా గాలి కొట్టి శుభ్రం చెయ్యకపోతే మొదటి గ్రీజుతోనే అది రుబ్బుడు మందులా పనిచేస్తుంది. రీమర్ అవసరం లేకుండా నేరుగా కొలతకు వచ్చే కంపోజిట్ బుష్‌లు కొన్ని బళ్ళకి దొరుకుతాయి. అలవాటు లేని చేతికి అవే మేలు.

యాక్సిల్ కన్నుకూ స్టబ్ యాక్సిల్ కింది చెవికీ మధ్య కూర్చునే థ్రస్ట్ బేరింగ్ బండి ముందు బరువంతా మోస్తుంది. దాన్ని బుష్‌లతోపాటే మార్చాలి, దుమ్ము, నీళ్ళు లోపలికి పోకుండా మాన్యువల్ చెప్పిన వైపే పైకి పెట్టాలి. పైకీ కిందికీ మిగిలిన సందును షిమ్‌లతో (పలుచటి రేకులతో) సరిచేస్తారు.

రబ్బరు బుష్ పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు చివరి బిగింపు దగ్గర జరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతోంది, ఆర్మ్ పూర్తిగా కిందికి దిగి ఉంది, చేతికి బోల్టు బాగా అందుతోంది, అప్పుడే పూర్తి టార్క్‌తో బిగించేస్తారు. ఏం జరిగిందో చూడండి. బిగించిన క్షణంలో లోపలి గొట్టం బ్రాకెట్‌కి అతుక్కుపోయింది, రబ్బరుకి అదే విశ్రాంతి స్థానం అయింది. బండిని కిందికి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది. ఆర్మ్ పొడవు 350 మి.మీ. ఉండి చక్రం వైపు చివర 90 మి.మీ. లేస్తే రబ్బరు 15 డిగ్రీలు మెలితిరుగుతుంది. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ మెలి అలాగే ఉంటుంది, ప్రతి గుంతా దానికి ఇంకాస్త కలుపుతుంది. కొత్త బుష్ ఇంత త్వరగా చిరిగిందేమిటని నాసిరకం సరుకును తిడతారు. ఒక్కోసారి సరుకు నిజంగానే నాసిరకం అయివుంటుంది. కానీ బిగించిన విధానాన్ని ముందు అడగాలి.

సరైన పద్ధతి: బోల్టులన్నీ చేత్తో నట్టు ఆనేదాకా మాత్రమే పెట్టాలి. బండిని దించి, టైర్లు నేల మీద ఉండగా, ఒకటి రెండుసార్లు ముందుకూ వెనక్కూ నెట్టి, పైనుంచి నొక్కి సస్పెన్షన్‌ను తన సహజమైన ఎత్తుకి రానిచ్చి, అప్పుడు పూర్తి టార్క్ ఇవ్వాలి. కిందికి దూరడానికి చోటు లేకపోతే యాక్సిల్ కిందో, కింది ఆర్మ్ చివరనో జాకీ పెట్టి బరువు మోయించి అదే ఎత్తుకి తేవాలి. రబ్బరు బుష్ ఉన్న కమాన్ కట్ట చెవులకీ షాకిల్‌కీ ఇదే నియమం. లోహపు బుష్‌కి గానీ, లోపలి గొట్టం మీద జారే పాలీ బుష్‌కి గానీ ఈ నియమం అక్కర్లేదు, ఎందుకంటే అవి జారతాయి, మెలితిరగవు. అలాగని రబ్బరు బుష్ బోల్టును భయంతో వదులుగా వదిలేసినా ప్రమాదమే. గొట్టం బోల్టు మీద తిరగడం మొదలుపెట్టి బోల్టునూ, బ్రాకెట్ కన్నాన్నీ తినేస్తుంది.

పాలీ బుష్‌లు వెయ్యాలా అన్న ప్రశ్నకి నా జవాబు చోటును బట్టి ఉంటుంది. సహజ రబ్బరు బుష్ గట్టితనం షోర్ ఏ కొలతలో మామూలుగా 60 చుట్టుపక్కల ఉంటే, పాలీ 80 నుంచి 95 దాకా ఉంటుంది. స్టెబిలైజర్ బార్‌కి అది బాగా నప్పుతుంది. కానీ ఆర్మ్ ఒక్క దిక్కునే తిరగకుండా కొంచెం పక్కకీ వాలాల్సిన చోట పాలీ లొంగక, ఆ ఒత్తిడి బ్రాకెట్ మీదికి తోస్తుంది. పాత ఛాసిస్‌లో బ్రాకెట్ దగ్గర పగులు రావడం కంటే బుష్ అరగడమే మేలు. రోజంతా గతుకుల్లో తిరిగే బండికి నేను రబ్బరే వేస్తాను.

పని అయ్యాక

కమాన్ కట్టను యాక్సిల్ నుంచి విడదీసి ఉంటే యూ-బోల్టులు కొత్తవే వెయ్యాలి. ఒకసారి పూర్తి బిగువుకి సాగినవి రెండోసారి అదే పట్టు ఇవ్వవు. ఎదురెదురు మూలలు మార్చుకుంటూ విడతలవారీగా బిగించాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక పట్టీలు సర్దుకుని బిగువు తగ్గుతుంది, అప్పుడు మళ్ళీ టార్క్ చూడాలి. ఈ రెండో బిగింపు ఎగ్గొడితే కట్ట మధ్యలోని సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకి జరిగే ప్రమాదం ఉంది.

అలైన్‌మెంట్ తప్పనిసరి. అరిగిన బుష్‌లతో ఉన్నప్పుడు సర్దిన టో ఇప్పుడు పనికిరాదు. ముందుగా వెనక యాక్సిల్ నేరుగా ఉందా అని రెండు వైపులా ముందు చక్రం నుంచి వెనక చక్రానికి టేపు వేసి కొలవాలి, ఆ తర్వాతే ముందు చక్రాల టో. ఇవన్నీ సరిగ్గా ఉండి ఇంకా స్టీరింగ్‌లో ప్లే మిగిలితే అప్పుడు బాక్స్ స్క్రూ జోలికి వెళ్ళొచ్చు, అదీ మాన్యువల్ చెప్పిన పద్ధతిలో, స్టీరింగ్ మధ్య స్థానంలో ఉండగా.

గ్రీజు కొట్టడంలో ఒక చిన్న కిటుకు ఉంది. బండి నేల మీద ఉంటే స్ప్రింగ్ పిన్ను బుష్‌కి ఒక వైపు నొక్కుకుని ఉంటుంది. గ్రీజు ఖాళీగా ఉన్న రెండో వైపు నుంచి బయటికి పోతుంది, బరువు మోసే వైపు పొడిగానే ఉండిపోతుంది. ఛాసిస్‌ను ఎత్తి బరువు తీసేసి కొడితే సందు అంతటా నిండుతుంది. కింగ్‌పిన్‌కి మాత్రం టైర్లు నేల మీద ఉండగానే కొట్టమనే తయారీదారులు ఉన్నారు, అక్కడ ఆ బండి మాన్యువల్ మాటే వినాలి. లారీ ఛాసిస్ కీళ్ళకు మామూలుగా లిథియం ఆధారిత ఎన్‌ఎల్‌జీఐ 2 గ్రేడు (గ్రీజు చిక్కదనాన్ని చెప్పే కొలత) గ్రీజు వాడతారు. పాత నల్ల గ్రీజు పోయి కొత్త రంగు కనిపించేదాకా గన్ను ఆపకూడదు.

కొత్త బుష్ వేశాక మొదటిసారి గన్ను పెట్టినప్పుడే గ్రీజు లోపలికి పోకపోతే ముందు గ్రీజు నిపిల్ (గన్ను తగిలించే మూతి) తీసి కొత్తది వేసి చూడండి. అప్పటికీ పోకపోతే బుష్ నొక్కేటప్పుడు దాని రంధ్రం గూటి రంధ్రానికి ఎదురుగా రాలేదని అర్థం. గ్రీజు దారి మూసుకుపోయిన ఆ బుష్ ఎలాగూ ఎక్కువ కాలం నిలవదు కాబట్టి, బండిని రోడ్డెక్కించకుండా పిన్నును మళ్ళీ బయటికి తీయక తప్పదు.